నువ్వూ ఈ పొద్దూ

ఇంకా తెల్లవారలేదు. ఆ ఊళ్లో అది నా మొదటి రాత్రి. మట్టి గోడల గదిలో, దోమతెర కింద మెలకువగా పడుకుని ఉన్నాను. ఎక్కడో ఒక రోకటి పోటు వినిపించింది, నేల లోపలి నుంచి వచ్చినట్టు. కాసేపటికి దానికి రెండోది జతకలిసింది. ఇంకాసేపటికి మూడోది. మూడు రోకళ్లూ ఒకే రోట్లో, ఒకదాన్నొకటి తాకకుండా, వంతులవారీగా పడుతున్నాయి. చక్కని తిస్రగతి. ఉండుండి మధ్యలో ఒక చప్పట్ల చరుపు. తాళం వేస్తున్నది ఎవరా అని బయటికొచ్చి చూశాను. దంచుతున్న ఆడవాళ్లే! రోకలిని పైకి ఎగరేసి, అది గాల్లో ఉన్న క్షణంలో రెండు చేతులూ చరిచి, దిగేటప్పుడు ఒడుపుగా అందుకుంటున్నారు. ఒకామె వీపున గుడ్డతో కట్టుకున్న పసివాడు ఆ ఊపులోనే హాయిగా నిద్రపోతున్నాడు. ఊరంతా కలిసి పాడే ఒక పాట పల్లవిలో నేను అడుగుపెట్టానని ఆ చీకట్లోనే తెలిసిపోయింది.

అది పశ్చిమాఫ్రికాలోని మాలీ దేశం. రాజధాని బమాకోకి ఉత్తరాన ఉన్న బెలెదుగు ప్రాంతంలో, కొలొకాని పట్టణం దాటి ఎర్రమట్టి బాట మీద వెళితే వచ్చే చిన్న పల్లె. సంవత్సరం 2009. బావుల చుట్టూ గట్లు కట్టించడం, స్నానాల దొడ్ల నుంచి వచ్చే నీటికి ఇంకుడు గుంతలు తవ్వించడం నాకు అప్పగించిన స్వచ్ఛంద సేవ. అయితే మొదటి మూడు నెలలూ పార ముట్టుకోవద్దనీ, ఊరిని వినమనీ, మాట నేర్చుకోమనీ పంపినవాళ్లు చెప్పారు. ఆ మూడు నెలలు నా జీవితంలో నేను చదివిన గొప్ప కావ్యం. మన ఆలంకారికులు కావ్యాన్ని అందుకోగలిగినవాణ్ని పండితుడని అనలేదు, సహృదయుడన్నారు. సేవ చెయ్యడానికి వెళ్లే మనిషికి కూడా మొదట కావలసిన అర్హత అదేనని ఆ ఊరు నాకు నేర్పింది.

కావ్యానికి నాంది పలకరింపు. బంబారా భాషలో పొద్దున్నే ఎవరు ఎదురైనా "ఇ ని సోగోమా" అంటారు. "ఇ" అంటే నువ్వు. "ని" అంటే మనం రెండు మాటల్ని కలిపేటప్పుడు చివర పలికే దీర్ఘం లాంటిది. "సోగోమా" అంటే ఉదయం. నువ్వూ, ఈ పొద్దూ. అంతే. అందులో క్రియాపదం లేదు, శుభం అనే విశేషణం లేదు, ఆకాంక్ష కూడా లేదు. ఎదుటి మనిషినీ ఆ వేళనూ పక్కపక్కన నిలబెట్టి చూడటమే పలకరింపు. మధ్యాహ్నం "ఇ ని తిలే", పొద్దు వాలితే "ఇ ని వులా", రాత్రి "ఇ ని సూ". పనిలో ఉన్నవాళ్లు కనిపిస్తే "ఇ ని బారా": నువ్వూ, నీ పనీ. చాన్నాళ్లకు ఎదురైతే "ఇ ని ఫామా": నువ్వూ, ఇన్నాళ్ల ఎడబాటూ. చేలో కలుపు తీస్తున్న మనిషిని దాటి వెళుతూ "నువ్వూ, నీ పనీ" అన్నప్పుడు ఆ రెంటినీ నేను చూశానని ఒప్పుకున్నట్టు. ఇంతకన్నా పొదుపైన కవిత్వాన్ని నేను ఎరగను.

దానికి బదులుగా మగవాళ్లు "న్ బా" అంటారు. అంటే "మా అమ్మ" అని అక్కడివాళ్లు అర్థం చెబుతారు. ఆడవాళ్లు "న్ సే" అంటారు. దానికి వాళ్లు చెప్పే అర్థం "నా శక్తి". పలకరించినవాడికి బదులు చెప్పేటప్పుడు మగవాడు తల్లిని తలుచుకుంటాడు, ఆడది తన బలాన్ని తలుచుకుంటుంది. తెనాలి నుంచి వచ్చిన నేను రోజుకు వందసార్లు "న్ సే" అనవలసి వచ్చింది. అనగా అనగా ఆ మాట నా వెన్నును కాస్త నిటారు చేసింది.

అక్కడితో అయిపోదు. "హెరె సిరా?" అని అడుగుతారు. రాత్రి శాంతిగా గడిచిందా అని. "హెరె దొరోన్" అనాలి. శాంతి మాత్రమే. ఇంట్లోవాళ్లు? శాంతి మాత్రమే. పిల్లలు? వాళ్లకే బాధా లేదు. మీ అమ్మ? ఆమెకే బాధా లేదు. నేను బస చేసిన ఇంటి పెద్దావిడను అవ్వ అనే తలుచుకుంటాను. ఆవిడ ఎన్నడూ చూడని, చూడబోని మా అమ్మ క్షేమాన్ని రోజూ పొద్దున్నే అడిగేది. తొమ్మిది వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న తెనాలి ఇల్లు, ఆ ప్రశ్నతో రోజూ ఒకసారి ఆ వాకిట్లోకి వచ్చి వెళ్లేది. ప్రశ్నలన్నీ అయ్యాక దీవెనలు మొదలవుతాయి. ఈ పగలు నీకు శాంతిని పెంచుగాక అంటారు. ఆమీనా అనాలి.

మొదట్లో నాకొక సందేహం ఉండేది. అందరికీ ఎల్లవేళలా శాంతేనా అని. రెండో వారంలో ఒక తెల్లవారుజామున పక్కింటావిడ వచ్చింది. అవ్వా ఆవిడా వరస తప్పకుండా ఒకరినొకరు అన్నీ అడిగారు. రాత్రి శాంతి. ఇల్లు శాంతి. పిల్లలు శాంతి. దీవెనలు అయ్యాయి, ఆమీనాలు అయ్యాయి. అప్పుడు ఆవిడ పక్కనున్న పీట మీద కూర్చుని, గొంతు తగ్గించి, మనవడికి రెండు రోజులుగా జ్వరం తగ్గడం లేదని చెప్పింది. అవ్వ లేచి లోపలికి వెళ్లి ఏదో మూలిక తెచ్చింది, నన్ను ఆరోగ్య కేంద్రానికి తోడు వెళ్లమంది. నాకప్పుడు అర్థమైంది. ఆ పలకరింపు సమాచారం అడగడం కాదు, తంబుర శ్రుతి చేసుకోవడం. షడ్జ పంచమాలు కలిశాకే రాగం ఎత్తుకుంటారు. శాంతి అనే ఆధారశ్రుతి ఇద్దరి మధ్యా నిలిచాకే దుఃఖానికి చోటు దొరుకుతుంది. అభినవగుప్తుడు శాంతాన్ని రసాలన్నిటికీ మూలమన్నాడు. అవి శాంతంలో నుంచి పుట్టి శాంతంలోకే మళ్లుతాయన్నాడు. పుస్తకంలో చదివినప్పుడు నాకది వాదంగానే మిగిలిపోయింది. ఆ వాకిట్లో అనుభవమైంది.

రెండో సర్గ పేరు పెట్టడం. ఊరి పెద్దను దుగుతిగి అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆయనకు కోలా గింజలు సమర్పించుకోవాలి. మన తాంబూలం లాంటి మర్యాద అది. ఆయన ఆ గింజల్ని అందుకుని, పక్కనున్న పెద్దలకు పంచి, నాకొక ఇంటిపేరు ఇచ్చాడు: జారా. వాళ్ల భాషలో సింహం. ఆ నేలలో ఇంటిపేరును "జాము" అంటారు. మనిషిని గౌరవించాలంటే దాన్నే రెండుసార్లు, మూడుసార్లు పిలుస్తారు. "జారా! జారా!" అని అవ్వ అన్నప్పుడు ఆ పేరుతో బతికిన తరాలన్నిటినీ నా వెనక నిలబెడుతున్నట్టు ఉండేది. ఇంటిపేరును ముందు పెట్టుకుని తన పేరును వెనక పెట్టుకునే తెలుగువాళ్లకి ఈ మర్యాద లోతు వేరే చెప్పక్కర్లేదు.

ఇంటిపేరుతోపాటే నాకు వేళాకోళపు చుట్టరికాలూ వచ్చాయి. దాన్ని సనంకుయా అంటారు. జారా ఇంటివాళ్లకీ త్రావొరే ఇంటివాళ్లకీ ఆ వరస ఉంది. దారిన పోయే త్రావొరే ముసలాయన నన్ను చూసి "నువ్వు షో తింటావు" అంటాడు. షో అంటే బొబ్బర్లు, మనం అలసందలనేవి. అంతకన్నా పెద్ద తిట్టు లేదు ఆ ఆటలో. "నువ్వే తింటావు" అని నేను తిప్పికొట్టాలి. చుట్టూ ఉన్నవాళ్లంతా పడిపడి నవ్వుతారు. మన పెళ్లిళ్లలో వియ్యాలవారిని పాటలతో ఆడిపోసుకోవడం తెలిసినవాళ్లకి ఈ తిట్టులోని తీపి తెలుస్తుంది. పదమూడో శతాబ్దంలో మాలీ సామ్రాజ్యాన్ని నిలిపిన సుంజాతా కైతా కురుకాన్ ఫూగా మైదానంలో సభ చేసి ఈ వరసలకు కట్టుబాటు ఇచ్చాడని వాళ్ల సంప్రదాయం. మాందెన్ శాసనం అని పిలిచే ఆ కట్టుబాట్లను యునెస్కో 2009లో మానవాళి వారసత్వపు జాబితాలో చేర్చింది. కోపం రాకుండా తిట్టుకునే హక్కును రాజ్యాంగంలా నిలుపుకున్న జాతి అది. హాస్యరసాన్ని సంధి ఒప్పందంగా మార్చిన ఆ తెలివికి చేతులెత్తి మొక్కాను.

ఇక విందు. పెద్ద గిన్నె చుట్టూ ఆడవాళ్లం కూర్చుంటాం. మగవాళ్ల గిన్నె వేరు. పెద్దలు ముందు చేతులు కడుక్కుంటారు. గిన్నెలో "తో" ఉంటుంది. సజ్జపిండితోనో జొన్నపిండితోనో కెలికిన ముద్ద, అచ్చం మన సంకటి. పక్కన బెండకాయ జిగురు పులుసో, ఎండబెట్టి పొడి కొట్టిన బావోబాబ్ ఆకు పులుసో. ఎవరి ముందున్న భాగం వాళ్లది, పక్కవాళ్ల వైపు చెయ్యి పోకూడదు. అవ్వ మాత్రం తన వైపున్న మాంసపు ముక్కను వేలికొసలతో మెల్లగా నా వైపుకి నెట్టేది. నా కళ్లలోకి చూసేది కాదు, ఏమీ అనేది కాదు. ముక్క నా ముందుకి వచ్చాక ఏమీ జరగనట్టు తన ముద్ద తాను చేసుకునేది. భావాన్ని పైకి చూపే అనుభావాల గురించి నాట్యశాస్త్రం ఎంతో చెప్పింది. వాత్సల్యానికి ఆ వేలికొసల కదలిక కన్నా గొప్ప అనుభావాన్ని నేను ఏ రంగస్థలం మీదా చూడలేదు.

ఒకరోజు పులుసు నోట్లో పెట్టుకోగానే కళ్లు చెమర్చాయి. గోంగూర! వాళ్లు "దా" అంటారు. కాయను కప్పి ఉండే ఎర్రని రేకల్ని మరిగించి పానకం చేస్తారు, ఆకుని పులుసులో వేస్తారు. తెనాలిలో నేను తిని పెరిగిన ఆ పులుపు నాకంటే ముందే అక్కడికి వచ్చి కూర్చుందని అనుకున్నాను. తర్వాత తెలిసింది, నేను తిరగేసి అనుకున్నానని. ఆ ఎర్ర గోంగూర పుట్టిల్లు ఆఫ్రికాయే అంటారు. సజ్జ పుట్టింది సహారా అంచునున్న ఆ సహేలు నేలలోనే. మాలీ ఈశాన్యాన తిలెమ్సి లోయలో నాలుగున్నర వేల ఏళ్ల నాటి సజ్జ సాగు ఆనవాళ్లు దొరికాయి. జొన్న ఆఫ్రికాది. బొబ్బర్లు ఆఫ్రికావి. మన పులుసుకు ప్రాణమైన చింతచెట్టు కూడా అక్కడినుంచి వచ్చినదే. రాయలసీమ పల్లెలో సజ్జరొట్టె, తెలంగాణలో జొన్నరొట్టె, పండగనాడు బొబ్బర్ల వడ, గుంటూరులో గోంగూర. వీటిని మనకిచ్చినవాళ్ల ముందు నేను ఇవ్వడానికి వచ్చినదాన్నని కూర్చున్నాను. అవ్వకి ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోలేదు. "మరి, నువ్వు మా ఇంటి పిల్లవే కదా" అంది.

నన్ను అన్నిటికన్నా ముగ్ధురాల్ని చేసింది బురద. బెలెదుగు ఆడవాళ్లు వేసే బురద వస్త్రాన్ని బోగోలాన్‌ఫిని అంటారు. "బోగో" అంటే బురద, "ఫిని" అంటే గుడ్డ. మగవాళ్లు సన్నని మగ్గం మీద జానెడు వెడల్పు లేని పట్టీలు నేస్తారు. వాటిని పక్కపక్కన కుట్టి గుడ్డ చేస్తారు. "న్‌గాలమా" అనే చెట్టు ఆకుల కషాయంలో దాన్ని నానబెడితే పసుపు రంగు పడుతుంది. ఆ చెట్టు మన అడవుల్లోని చిరుమానుకి దాయాది. అసలు పని ఆ తర్వాత. చెరువు అడుగు నుంచి తెచ్చి కుండలో నెలల తరబడి ఊరబెట్టిన నల్ల బురదతో గీస్తారు.

అవ్వ చెల్లెలు ఒక మధ్యాహ్నం వేప నీడలో కూర్చుని గీస్తుంటే పక్కనే కూర్చున్నాను. ఒళ్లో గుడ్డ, పక్కన కుండ, చేతిలో చిన్న ఇనుప రేకు. గీత కోసం ముందుగా వేసుకున్న గుర్తు ఏదీ లేదు. ఆమె ఒక గీత గీసింది, దాని పక్కన ఖాళీ వదిలింది, మళ్లీ బురద నింపింది. చాలాసేపటికి గాని నాకు తెలియలేదు, ఆమె బొమ్మను గీయడం లేదని. బొమ్మ చుట్టూ ఉన్న చీకటిని గీస్తోంది. బురద పడనిచోట మిగిలిపోయినదే బొమ్మ. ఆరబెట్టి, కడిగి, అవే గీతల మీద మళ్లీ బురద పెట్టి, మళ్లీ కడుగుతారు. చివర మిగిలిన పసుపు మీద క్షారం కలిపిన ముద్ద పూసి తెల్లబరుస్తారు. అప్పుడు నల్లని రాత్రిలో చుక్కలు పొడిచినట్టు బొమ్మ పైకి తేలుతుంది. చెప్పకుండా వదిలినదే చెప్పదలుచుకున్నది. మనవాళ్లు ధ్వని అన్నది ఇదే. ఆనందవర్ధనుడు కశ్మీరంలో కూర్చుని దాని మీద గ్రంథం రాశాడు, ఈమె వేపచెట్టు కింద కూర్చుని బురదతో రాస్తోంది. పక్కింటావిడ పలకరింపు మళ్లీ గుర్తొచ్చింది. చుట్టూ శాంతి అనే రంగు నిండుగా వేసి, మనవడి జ్వరాన్ని మాత్రం రంగు వేయకుండా వదిలింది. అవ్వ వెంటనే చదువుకుంది.

ఆ నలుపు రహస్యం కూడా నన్ను మా ఇంటికి తీసుకెళ్లింది. ఆకులోని వగరూ బురదలోని ఇనుమూ కలిస్తే ఆ చెదరని నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాళ్లు గుడ్డను కరక్కాయ, గేదె పాలలో తడిపి, బెల్లంలో ఇనుమును ఊరబెట్టిన కసిమితో గీతలు గీస్తారు. అక్కడా కరక్కాయ వగరు, ఇనుము. కరక్కాయ చెట్టూ న్‌గాలమా చెట్టూ ఒకే కుటుంబానివి. స్వర్ణముఖి ఒడ్డున ఒక చెయ్యి, బెలెదుగు వేపచెట్టు కింద ఒక చెయ్యి, ఒకరి గురించి ఒకరికి తెలియకుండా ఒకే నలుపును కనుక్కున్నాయి. కొలొకానికి చెందిన నకుంతే జారా గీసిన బురద వస్త్రాలు విదేశాల మ్యూజియంల దాకా వెళ్లాయి. మాలీ వస్త్రకారుడు క్రిస్ సేదూ ఈ గుడ్డను పారిస్ ఫ్యాషన్ లోకానికి పరిచయం చేశాడు. కానీ ఊళ్లో దాని విలువ వేరు. ప్రసవించిన తల్లికి చుడతారు, వేటగాడు తొడుక్కుంటాడు. ప్రాణానికి గండం ఉన్న వేళల్లో ఒంటిని కాచేది అందం అని వాళ్ల నమ్మకం.

ఇదంతా రసం సరే, కష్టం కనిపించలేదా అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిన మాటే. నెలన్నర గడిచాక నేనూ రోకలి పట్టాను. అరగంటకి అరచేతులు బొబ్బలెక్కాయి. నాకు తిస్రగతిగా వినిపించిన ఆ పాట, పాడేవాళ్లకి రోజూ గంటల తరబడి వెట్టి. ఆ ఆడవాళ్లు అంతకు ముందే లేచి లోతైన బావిలో నుంచి నీళ్లు చేదేవాళ్లు. పంట చేతికి రావడానికి ముందు, వానకాలంలో, గాదెలు అడుగంటే వారాలు కొన్ని ఉంటాయి. అప్పుడు గిన్నె పలచబడుతుంది. అవ్వ నా వైపుకి నెట్టే ముక్క ఆ వారాల్లోనూ ఆగలేదని తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది. పక్క ఊరికి పిండిమర వచ్చినప్పుడు మా ఇంటి కోడళ్లు మొహాలు వెలిగిపోతూ గంపలెత్తుకుని నడిచారు. మర్నాడు తెల్లవారుజామున రోకటి చప్పుడు లేదు. చెవికి ఏదో వెలితి. నాకది రసభంగం, వాళ్లకది నిద్ర. ఆ నిద్రే గొప్పదని అప్పుడే మనసులో తీర్మానించుకున్నాను. తాను మురిసిపోయే అందం కోసం ఇంకొకరి వెన్ను విరగాలని కోరుకునేవాడు సహృదయుడు కాడు. ఆ ఆడవాళ్ల ప్రతిభ రోకట్లో లేదు. వెట్టిని సైతం లయగా మలుచుకోగలిగిన ఆ మనసులో ఉంది. మర వచ్చినా ఆ లయ పోలేదు. గింజలు ఆడించుకు వచ్చేటప్పుడు దారి పొడుగునా పాటగా వినిపించింది.

మూడు నెలల తర్వాత నేను గుంతలు తవ్వించాను, గట్లు కట్టించాను. అవి చిన్న పనులు, అవసరమైన పనులు. అవి నిలిచాయంటే కారణం, ఎవరి వాకిట్లో ఏ గుంత ఎందుకు కావాలో పలకరింపుల్లో ముందే విని ఉండటం. ఇలా మాటతో మొదలుపెట్టినవాళ్లు నాకు ముందూ ఉన్నారు. 1961 ఆగస్టు 30న అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ పీస్ కోర్ తరఫున 51 మంది స్వచ్ఛంద ఉపాధ్యాయులు పశ్చిమాఫ్రికాలో మొట్టమొదటిసారి అడుగుపెట్టారు. ఘనా రాజధాని అక్రాలో విమానం దిగగానే వాళ్లు చేసిన మొదటి పని, అక్కడివాళ్ల ట్వి భాషలో ఒక పాట పాడటం. ఆ తర్వాత ఎన్ని దశాబ్దాలు గడిచినా, ఎన్ని సంస్థలు వచ్చినా, ఈ దారిలో నడిచేవాళ్లకి అంతకన్నా మంచి తొలి అడుగు నాకు కనిపించలేదు.

రాత్రి భోజనాలయ్యాక ఆరుబయట చాపలు పరుస్తారు. బొగ్గుల మీద చిన్న నీలం కెటిల్‌లో పచ్చ టీ మరుగుతుంటుంది. ఎత్తు నుంచి నురగ వచ్చేలా చిన్న గాజు గ్లాసుల్లోకి పోస్తారు. ఒకే ఆకు మీద మూడు విడతలు. మొదటిది చేదు, రెండోది మధ్యస్థం, మూడోది తీపి. మూడోది తాగకుండా లేవడం మర్యాద కాదు. ఆ మూడోదాని తర్వాత ఒకరి తర్వాత ఒకరు లేచి ఒక దీవెన చెప్పుకుని ఇళ్లకు వెళతారు. "అలా కా అన్ కెలెన్ కెలెన్ వులి." దేవుడు మనల్ని ఒక్కొక్కరుగా నిద్ర లేపుగాక.

ఎందుకు ఒక్కొక్కరుగా అని అవ్వను అడిగాను. "ఊరంతా ఒక్కసారే లేచిందంటే ఇల్లు అంటుకున్నట్టు, లేదా శత్రువు వచ్చినట్టు" అంది. ఒకరు రోకటికి, ఒకరు బావికి, ఒకరు పశువులకి, పసిపిల్లలు తీరిగ్గా, ఎవరి వేళకు వాళ్లు లేస్తేనే ఊరు క్షేమంగా ఉన్నట్టు. నా మొదటి తెల్లవారుజామున ఒకటి, రెండు, మూడుగా కలిసిన రోకళ్లు అప్పుడు నాకు పూర్తిగా అర్థమయ్యాయి. అది ముందు రాత్రి దీవెన ఫలించిన చప్పుడు.

2012 మార్చిలో బమాకోలో సైనిక తిరుగుబాటు జరిగింది. ఉత్తరాన మొదలైన యుద్ధం ఏళ్లు గడిచేకొద్దీ దేశంలో చాలా భాగానికి పాకింది. స్వచ్ఛంద సేవకులు వెనక్కి వచ్చేశారు. ఎన్నో ఊళ్లు అర్ధరాత్రి ఒక్కసారే మేలుకోవలసి వచ్చింది. తెనాలిలో మా అమ్మ ఇప్పటికీ పొద్దున్నే ఫోన్ చేసి, మీ అవ్వ ఎలా ఉందని అడుగుతుంది. ఆమెకే బాధా లేదని అంటాను, శ్రుతి తప్పకూడదు కనుక. పడుకునే ముందు మాత్రం ఆ దీవెన ఒకసారి పైకి అంటాను. ఇది చదివిన మీరూ ఈ రాత్రికి ఒక్కసారి అనండి. ఆ ఊరు రేపు ఒక్కొక్కరుగానే నిద్ర లేవాలి.